‘కత్తెరంటే ఏంటి?’ అని అడిగే అమ్మది నాటకం కాదు

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను. ఆమెకు 39 ఏళ్లు. అమ్మకు 64, నాన్నకు 70, ఒక తమ్ముడు. అమ్మ ముప్పై ఏళ్లపాటు ఇంట్లో మిషన్ కుట్టి ఇద్దరినీ చదివించింది. మూడేళ్ల కిందట ఆవిడ మాటల్లో "అది", "ఇది", "ఆ వస్తువు" ఎక్కువయ్యాయి. తర్వాత గుర్రాన్ని చూపించినా, మేకను చూపించినా "కుక్క" అనడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్లు నవ్వి ఊరుకున్నారు. పోయిన ఏడాది ఒకరోజు నాన్న "ఆ కత్తెర ఇలా ఇవ్వు" అంటే "కత్తెరంటే ఏంటండీ?" అని అడిగింది. అప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది కత్తెరే. దాంతోనే గుడ్డ కత్తిరిస్తూ ఉంది.

నాన్నకు ఇదంతా నాటకంలా ఉంది. "నా బీపీ మాత్ర టైమ్ గుర్తుంటుంది, నిన్న ఫోన్లో ఎవరేమన్నారో పూస గుచ్చినట్టు చెబుతుంది, పేపరు గడగడా చదువుతుంది, కత్తెర మాత్రం తెలీదా?" అంటారాయన. రోజూ సాయంత్రం టేబుల్ మీద తాళంచెవి, దువ్వెన, చెంచా, కళ్లజోడు పరిచి ఒక్కోటి ఎత్తి "ఇదేంటో చెప్పు" అని పరీక్ష పెడతారు. తప్పు చెబితే కోప్పడతారు. అమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంటుంది. మొదట చూసిన డాక్టర్ వయసు ప్రభావం అన్నారు. రెండోసారి న్యూరాలజిస్టు ఎంఆర్ఐ తీయించి, ఎడమ కణత వైపు మెదడు కుంచించుకుపోయిందని, దీన్ని సెమాంటిక్ డిమెన్షియా (మాటల అర్థాలు మెల్లగా చెరిగిపోయే జబ్బు) అంటారని, మందు లేదని వరండాలో నిలబడి పిల్లలిద్దరికీ చెప్పి వెళ్లిపోయారు. అమ్మకు ఏమీ చెప్పొద్దని తమ్ముడు అంటున్నాడు. ఇంటి కాగితాల మీద సంతకాలు మాత్రం వెంటనే పెట్టించాలంటున్నాడు. అమ్మ మాట కోసం వెతుక్కుంటుంటే చూడలేక తానే పూర్తి చేసేస్తున్నానని, అమ్మ ఇప్పుడు తన ముందు మాట్లాడటమే తగ్గించిందని ఆమె బాధ. ఇది తనకూ వస్తుందేమోనన్న భయం కూడా ఉంది.

ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "మొన్న అమ్మతో 'నీ గురించి దిగులుగా ఉందమ్మా' అన్నాను. నా మొహంలోకి చూసి 'దిగులంటే ఏంటమ్మా?' అంది. నాకు జవాబు రాలేదు. మేం ఏం చేయాలి?"

*

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది మీ నాన్నగారి గురించి, ఎందుకంటే మీ ఇంట్లో రోజూ సాయంత్రం జరుగుతున్నది ముందు ఆగాలి. మీ అమ్మగారిది నాటకం కాదు. ఆవిడ గుర్తుంచుకుంటున్నవి, మర్చిపోతున్నవి పక్కపక్కన పెట్టి చూస్తే నాన్నగారికి అనుమానం వచ్చిందే, సరిగ్గా ఆ తేడాయే ఈ జబ్బుకు గుర్తు.

మనం జ్ఞాపకశక్తి అని ఒకే మాట వాడతాం. మెదడుకి అది ఒకటి కాదు. నిన్న ఎవరు వచ్చారు, పోయిన నెల ఎక్కడికి వెళ్లాం లాంటివి జరిగిన సంగతుల జ్ఞాపకం. కత్తెర అంటే ఏంటి, మేకకి గుర్రానికి తేడా ఏంటి లాంటివి లోకం గురించిన జ్ఞాపకం, మాటలకు అర్థాలుండే చోటు. కత్తెర అంటే ఏంటో మీరు ఏ రోజు నేర్చుకున్నారో మీకు గుర్తుందా? ఉండదు. అయినా అర్థం మాత్రం ఉంటుంది. ఈ రెండూ వేరని 1972లో ఎండెల్ టుల్వింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విడదీసి చెప్పారు. ఆ తర్వాత మూడేళ్లకే, 1975లో, ఎలిజబెత్ వారింగ్టన్ కొంతమంది రోగులను పరీక్షించి, వాళ్లలో మిగతావి చాలావరకు బాగుండి ఈ రెండోది మాత్రమే కరిగిపోతోందని చూపించారు. అసలు మెల్లమెల్లగా భాష పోయిన మనిషిలో ఎడమ కణత వైపు మెదడు కుంచించుకుపోవడాన్ని ఆర్నాల్డ్ పిక్ అనే డాక్టర్ 1892లోనే రాసి పెట్టారు. అంటే మీ అమ్మగారికి వచ్చింది అరుదే గానీ, ఎవరూ చూడని వింత జబ్బు కాదు.

అందరికీ తెలిసిన అల్జీమర్స్‌లో సాధారణంగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. అక్కడ ముందు దెబ్బ తినేది కొత్త సంగతులను దాచుకునే భాగం, హిప్పోక్యాంపస్. పొద్దున వచ్చిన చుట్టం సాయంత్రానికి గుర్తుండరు, అడిగిందే పదిసార్లు అడుగుతారు, కానీ కత్తెర చూపిస్తే కత్తెర అనే అంటారు, మొదట్లో. నాన్నగారి మనసులో మతిమరుపు అంటే ఆ బొమ్మే ఉంది. అమ్మగారు దానికి సరిపోలేదు కాబట్టి అబద్ధం అనుకుంటున్నారు. ఇంకో సంగతి కూడా ఆయన్ని తికమక పెడుతుంది. ఈ జబ్బులో నిన్నమొన్నటి సంగతులు చిన్నప్పటి సంగతులకన్నా బాగా గుర్తుంటాయి. ముసలితనంలో పాతవన్నీ గుర్తుండి కొత్తవి పోతాయని మనం విని ఉన్నాం కదా, ఇక్కడ అదీ తిరగబడుతుంది.

మరి పేపరు గడగడా చదవడం? ఇది ఆయనకు తప్పకుండా చెప్పండి. మన తెలుగులో ఎలా రాస్తే అలా చదువుతాం. అక్షరాలు తెలిస్తే చాలు, అర్థం తెలియకపోయినా ఎంత పెద్ద మాటనైనా పలకొచ్చు. రాసేదొకటి, పలికేదొకటి అయిన ఇంగ్లీషు లాంటి భాషలో ఈ జబ్బున్నవాళ్లు చదవడంలోనే దొరికిపోతారు. ఎందుకంటే అక్కడ కొన్ని మాటల్ని సరిగ్గా పలకాలంటే ఆ మాట ముందే తెలిసి ఉండాలి, తెలియకపోతే అక్షరాలు ఎలా ఉంటే అలా చదివేసి తప్పు పలుకుతారు. మన లిపి మీ అమ్మగారి కష్టాన్ని దాచేస్తోంది. ఆవిడ చదివాక "అంటే ఏం జరిగిందట?" అని మెల్లగా అడిగితే తేడా తెలుస్తుంది. పరీక్షలా కాదు, ఒక్కసారి, మీరు అర్థం చేసుకోవడానికి.

నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పే దారి ఒకటుంది. ఆయనకు బొత్తిగా తెలియని భాషలో ఒక మాట ఎవరిచేతైనా పలికించండి. "మళ్లీ అనండి" అంటే అంటారు. ఇంకోసారి అడిగినా అంటారు. "దాని అర్థం చెప్పండి, బాగా ఆలోచించి చెప్పండి, మొన్న కూడా విన్నారుగా" అని గద్దిస్తే ఏం చేస్తారు? ఎంత ఆలోచించినా లోపల ఏమీ లేదు. అమ్మగారికి కత్తెర అన్న మాట వినిపిస్తోంది, పలకగలదు, వెనక అర్థం లేదు. మాట నాలుక చివర ఆగిపోవడం వేరు, ఇది వేరు. నాలుక చివర ఉన్నదాన్ని మొదటి అక్షరం అందిస్తే లాగొచ్చు. ఇక్కడ "క... కత్..." అని అందించినా ఆవిడకు దక్కేది తక్కువ.

ఇక చేతిలో కత్తెర పెట్టుకుని కత్తెర తెలియదనడం. చేతుల జ్ఞాపకం ఇంకో చోట ఉంటుంది. 1953లో మూర్ఛలు తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మెదడు ఆపరేషన్ చేశారు. దాంతో అతనికి కొత్త సంగతులు నిలవడం పోయింది. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనిచేత అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ మీద గీత గీయించారు. రోజురోజుకీ తప్పులు తగ్గాయి. కానీ ప్రతి రోజూ అతను ఆ పని మొదటిసారి చేస్తున్నట్టే ఉన్నాడు. తల మర్చిపోయింది, చెయ్యి నేర్చుకుంది. మీ అమ్మగారి చేతులకు ముప్పై ఏళ్ల పని తెలుసు. గుడ్డ మడత పెట్టి, సుద్దతో గీత గీసి, బొటనవేలు కత్తెర కన్నంలోకి దానంతటదే దూరడం, ఇదంతా ఆ ఒక్క మాట లేకుండానే జరుగుతుంది. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. ఈ జబ్బులో సొంత వస్తువులు ఎక్కువ కాలం నిలుస్తాయి. ఆవిడ పాత కత్తెర ఆవిడకు తెలుస్తుంది, వేరే ఆకారంలో ఉన్న కొత్త కత్తెర ఇస్తే తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోవచ్చు. కాబట్టి అమ్మ కష్టపడుతోంది కదా అని కొత్త మిషన్, మంచి కత్తెర కొనివ్వాలని మీకు ఎప్పుడైనా అనిపిస్తే దయచేసి వద్దు. పాతది పాడైతే బాగు చేయించండి. ఉన్న చోటు కూడా మార్చకండి.

ఇప్పుడు ఆ సాయంత్రం పరీక్ష. నేను ఆయన మీద కోపంగా రాయడం లేదు, రాయలేను కూడా. మా నాన్నకు పక్షవాతంతో పాటు మాట పోయినప్పుడు నేను చేసింది ఇదే. చెంచా ఎత్తి పట్టుకుని "చెప్పండి నాన్నా, చెం... చెం..." అంటూ గంటలకొద్దీ కూర్చునేదాన్ని. ఆయనది వేరే రకం, అర్థమంతా తెలుసు, మాట బయటికి రాదు. 1861లో పాల్ బ్రోకా అనే డాక్టర్ చూసిన మనిషికి "టాన్" అన్న ఒక్క శబ్దం మాత్రమే మిగిలిందని చదివినప్పుడు నాకు మా నాన్నే గుర్తొచ్చారు. ఆయన నా పేరు పలకలేక కళ్లు మూసుకునేవారు. నాకు అప్పుడు అర్థం కాలేదు, నేను ఆయనకు సాయం చేయడం లేదు, నా భయాన్ని ఆయన చేత మోయిస్తున్నాను. ఈ రోజు ఒక్క మాట చెబితే రేపు బాగుంటుందన్న ఆశ అది. మీ నాన్నగారి టేబుల్ మీద ఉన్నది కూడా అదేనని నా అనుమానం. నాటకం అయితే భార్యకు జబ్బు లేనట్టే కదా. ఆయన నాటకాన్నే కోరుకుంటున్నారు.

అందుకే "అలా చేయకండి" అని మాత్రం చెబితే ఆయన ఆగకపోవచ్చు. ఆగినా మూలన కూర్చుని కుమిలిపోతారు. మీ ముందు కొన్ని దారులు ఉన్నాయి. మొదటిది, న్యూరాలజిస్టు దగ్గరికి ఈసారి ఆయన్ని తీసుకెళ్లి, వరండాలో కాదు, గదిలో కూర్చోబెట్టి, స్కాన్‌లో రెండు వైపులా చూపించి చెప్పించడం. పిల్లలు చెబితే వినని పెద్దవాళ్లు చాలామంది డాక్టర్ ఫిల్మ్ లైట్ మీద పెట్టి చూపిస్తే వింటారు. నష్టం ఏంటంటే, ఆ రోజు ఆయన కుప్పకూలొచ్చు. ఇన్నాళ్లూ తిట్టానే అన్న బాధ ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ రోజు మీరో తమ్ముడో ఆ ఇంట్లోనే ఉండండి. రెండోది, స్పీచ్ థెరపిస్ట్ ద్వారా ఆ పరీక్షనే వేరే పనిగా మార్చడం. ఇది నాకు ఎక్కువ నచ్చిన దారి, కాస్త వివరంగా చెబుతాను.

ఈ జబ్బులో మాటలు మళ్లీ నేర్పించొచ్చు, కొన్నిటిని. అమ్మగారికి రోజూ అవసరమయ్యే ఇరవై ముప్పై వస్తువులు ఎంచుకోండి. పుస్తకాల్లో ఉండే గుర్రం, ఏనుగు కాదు, ఆవిడ సొంత వస్తువులు: ఆ దువ్వెన, ఆ టేపు, ఆ కళ్లజోడు. ఫోటో తీసి, ఫోటోతోపాటే పేరు చెప్పాలి. "ఇదేంటి?" అని అడగకూడదు. "ఇది టేపు, దీంతో నువ్వు కొలతలు తీస్తావు" అని నాన్నగారు చెప్పాలి, ఆవిడ ఆ టేపు చేతిలోకి తీసుకుని ఒకసారి అనాలి, అంతే, తర్వాతి ఫోటో. ఊహించమని ఒత్తిడి చేస్తే తప్పు మాట నోటికి వస్తుంది, ఆ తప్పే గట్టిపడుతుంది. అందుకే తప్పుకు చోటివ్వకుండా నేర్పడం అన్నమాట. రోజూ పావుగంట చాలు. ఇలా సాధన చేసిన మాటలు సాధన ఉన్నంత కాలం నిలుస్తాయి, ఆపితే జారిపోతాయి, సాధన చేయని మాటలకు ఆ లాభం అంతగా అంటదు. కాబట్టి జబ్బు నయమవుతుందని నాన్నగారితో అనకండి. "ఈ ముప్పై మాటలు అమ్మ దగ్గర ఇంకొంత కాలం ఉంచే పని మీది" అని చెప్పండి. అదే టేబుల్, అదే సాయంత్రం, అవే వస్తువులు. ప్రశ్న గుర్తు మాత్రం ఉండదు.

ఆయన రెండిటికీ ఒప్పుకోకపోతే మూడోది మిగులుతుంది. సాయంత్రం ఆ వేళకు అమ్మగారిని మీరు బయటికి నడకకు తీసుకెళ్లడమో, కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంచుకోవడమో. దీంతో ఆవిడకు తెరిపి దొరుకుతుంది. కానీ అలవాటైన ఇల్లు, చోటు మారితే ఈ జబ్బున్నవాళ్లు త్వరగా తికమక పడతారు, నాన్నగారు ఒంటరివారవుతారు. ఇది ఆఖరున వాడాల్సిందే.

మందు లేదన్న మాట గురించి కొంచెం. జబ్బును వెనక్కి తిప్పే మందు లేదన్నది నిజం. అల్జీమర్స్‌కి ఇచ్చే మాత్రలు దీనికి ఉపయోగపడతాయని తేలలేదు, కొందరిలో చిరాకు, అలజడి పెంచుతాయి కూడా. మొదటి డాక్టర్ అలాంటిదేమైనా రాసిచ్చి ఉంటే మీరుగా ఆపకుండా న్యూరాలజిస్టుని అడగండి. బీ12, థైరాయిడ్ పరీక్షలు, వినికిడి పరీక్ష జరిగాయో లేదో చూసుకోండి, డిప్రెషన్ సంగతి కూడా అడగండి. ఇవి ఈ జబ్బుకు కారణం కాదు, కానీ ఉన్న కష్టాన్ని రెట్టింపు చేస్తాయి, వీటికి మాత్రం చికిత్స ఉంది. ఇంకొకటి: ఈ జబ్బు నెలలు, సంవత్సరాల మీద మెల్లగా నడుస్తుంది. ఏ రోజైనా ఉన్నట్టుండి మాట తేడాగా వచ్చినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా అది జబ్బులో భాగమని ఇంట్లో కూర్చోకండి, స్ట్రోక్ కావచ్చు. గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

అమ్మగారికి చెప్పాలా వద్దా? తమ్ముడు వద్దంటున్నది ప్రేమతోనే. చెప్పకపోతే ఒక లాభం ఉంది, ఆ రోజు ఏడుపు ఉండదు. కానీ ఆవిడకు ఏమీ తెలియదని మీరు అనుకుంటున్నారా? గది తలుపు వేసుకుని కూర్చునే మనిషికి తనలో ఏదో పోతోందని తెలియదా? 1901లో డాక్టర్ అల్జీమర్ చూసిన అగస్టె డెటెర్ అనే ఆవిడ, తన పేరు రాయమంటే పూర్తి చేయలేక, నన్ను నేను పోగొట్టుకున్నాను అందట. జబ్బు పేరు ఎవరికీ తెలియక ముందే జబ్బు మనిషికి తెలిసింది. మీ అమ్మగారు ఇప్పుడు బహుశా తనకు తెలివి తక్కువైందనో, మొగుడికి తన మీద ఇష్టం పోయిందనో అనుకుంటూ ఉంటారు. దానికన్నా నిజం తేలిక.

పూర్తిగా చెప్పొచ్చు, జబ్బు పేరుతో, ముందు ముందు ఏమవుతుందో కూడా. అడిగినంతే చెప్పొచ్చు. నేనైతే మధ్య దారి పడతాను. ముందు "డాక్టర్ ఏమన్నారో చెప్పమంటావా?" అని అడగండి. వద్దంటే ఆగండి, అది ఆవిడ హక్కు. సరేనంటే పొట్టి పొట్టి వాక్యాల్లో, మీ తల మీద చెయ్యి పెట్టి చూపిస్తూ: "ఇక్కడ మాటలుంటాయి. ఇక్కడ జబ్బు చేసింది. నీ తప్పు కాదు. నాన్నకి కూడా చెప్పాం. మేం ఉన్నాం." అంతే. ఆలస్యం చేస్తే వచ్చే ఇబ్బంది ఒకటే, ఈ రోజు "జబ్బు" అన్న మాటకు ఆవిడకు అర్థం తెలుసు, రెండేళ్ల తర్వాత తెలియకపోవచ్చు.

సంతకాల సంగతిలో కూడా ఇదే. తమ్ముడి తొందరలో న్యాయం ఉంది, తర్వాత అయితే ఇంకా కష్టం. కానీ ఏంటో చెప్పకుండా కాగితం ముందుపెట్టి సంతకం పెట్టించడం మాత్రం చేయకండి. సంతకం చేతి అలవాటు, అర్థం పోయిన చాలా కాలం తర్వాత కూడా చెయ్యి సంతకం పెడుతూనే ఉంటుంది. అందుకే ఆ సంతకం ఒక్కటీ ఒప్పుకోలుకు రుజువు కాదు. రేపు అదే అక్కాతమ్ముళ్ల మధ్య గొడవై కూర్చుంటుంది. అలాగని మాటలు పోయాయి కాబట్టి నిర్ణయం తీసుకోలేదని కొట్టిపారేయడం కూడా తప్పు. ఇంటి ఫోటో, మీ ఇద్దరి ఫోటోలు, నాన్నగారి ఫోటో ముందు పెట్టి, ఎవరికి ఏం ఇస్తున్నదో వస్తువులు జరిపి చూపిస్తే ఆవిడకు అర్థమవుతుందేమో చూడాలి. ఆ పని మీరు కాకుండా డాక్టర్ చేసి, ఆవిడకు అర్థమైందో లేదో రాసిస్తే, ఆ తర్వాత లాయర్ దగ్గర పెట్టుకుంటే గట్టిగా ఉంటుంది. అర్థం కాలేదని తేలితే ఆగి, మీ దగ్గర చట్టం చూపే సంరక్షకుల దారిలో వెళ్లాలి, అది ఆలస్యం, విసుగు, కానీ శుభ్రం. అదే రోజు ఇంటి గురించే కాకుండా ఆవిడ గురించి కూడా అడగండి. ఎవరి దగ్గర ఉండటం ఇష్టం, మిషన్ ఎక్కడ పెట్టాలి, ఎవరు స్నానం చేయిస్తే ఇబ్బందిగా ఉండదు. ఇవి ఎవరూ అడగరు, తర్వాత అడగడానికి వీలుండదు.

మీరు మాట పూర్తి చేసేస్తున్నారన్న బాధ చదివాను. ఎప్పుడూ అందించొద్దు అని నేను అనను. ఆవిడ చూపు మీ వైపు తిరిగితే అందించండి, అది సాయం అడగడం. చూపు వస్తువు మీదో, గాల్లోనో ఉంటే ఆగండి, మనసులో పది లెక్కపెట్టండి. పది అనేది మీకు చాలా పెద్దగా అనిపిస్తుంది, అలవాటు పడాలి. "ఏం కావాలి?" అని కాకుండా రెండు వస్తువులు చూపించి "ఇదా, అదా?" అనండి. టీవీ ఆపండి. నలుగురు ఒకేసారి మాట్లాడకుండా చూడండి. ఫోన్లో మొహం, చేతులు కనిపించవు కాబట్టి వీడియో కాల్ చేయండి. ఇంట్లో డబ్బాల మీద పేర్లు రాసి అంటించమని ఎవరైనా సలహా ఇస్తారు. అల్జీమర్స్ మొదట్లో అది పనికొస్తుంది, మీ అమ్మగారికి అంతగా పనికిరాదు, ఆ పేరు చదివినా అర్థం రావాలి కదా. లోపల ఉన్న వస్తువు కనిపించే గాజు డబ్బా అంతకన్నా మేలు. అలాగే ఫినాయిల్, యాసిడ్, మందుల సీసాలు ఈ వారమే తాళం వేసిన చోటికి మార్చండి. ఏది తాగేది, ఏది కాదు అన్నది కూడా అర్థాల్లో భాగమే, అదీ జారుతుంది.

ముందు ముందు ఏం వస్తుందో దాచను. జబ్బు మెదడులో కుడి వైపుకి కూడా పాకితే తెలిసిన మొహాలను గుర్తుపట్టడం తగ్గొచ్చు. గడియారం పట్టుకుని అదే వేళకు అదే పని కావాలని పట్టుబట్టొచ్చు, తిండిలో ఇష్టాలు మారి తీపి మీద పడొచ్చు. మీరు ఏడుస్తుంటే పట్టనట్టు పక్కనుంచి నడిచి వెళ్లిపోవచ్చు. ఆ రోజు మీకు అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది. అది మనసు రాయి కావడం కాదు, ఎదుటి మొహంలోని బాధను చదివే భాగం దెబ్బతినడం. నాన్నగారికీ ఇది ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మళ్లీ నాటకం దగ్గరికే వస్తారు. ఎంత కాలంలో ఇదంతా అన్నది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. ఎవరైనా తేదీలు చెబితే నమ్మకండి.

మీకు వస్తుందా అన్న భయం గురించి. ఈ కోవకు చెందిన మెదడు జబ్బుల్లో వారసత్వంగా వచ్చేవి కొన్ని ఉన్నాయి గానీ, మీ అమ్మగారికి వచ్చిన ఈ రకంలో అది తక్కువ, చాలావరకు ఒక్కరితోనే ఆగుతుంది. దగ్గరి బంధువుల్లో ఇంకెవరికైనా చిన్న వయసులో మతిమరుపో, ప్రవర్తన మారడమో, కండరాలు చచ్చుబడే జబ్బో ఉంటే మాత్రం డాక్టర్‌తో చెప్పండి. లేకపోతే, ఏదో ఒక పేరు గుర్తుకు రాని ప్రతిసారీ మీరు మిమ్మల్ని పరీక్ష పెట్టుకోకండి. ఒక ఇంట్లో ఒక పరీక్షే ఎక్కువైంది. వారంలో ఒక పూట ఎవరికైనా అప్పగించి పడుకోండి, నిజంగా పడుకోండి. తమ్ముడికి కాగితాల పనితోపాటు ఈ పూట కూడా పంచండి.

చివరగా ఆ "దిగులంటే ఏంటమ్మా?" మీరు జవాబు రాలేదని రాశారు. ఆ ప్రశ్న అడిగే ముందు ఆవిడ మీ మొహంలోకి చూశారని కూడా మీరే రాశారు. మాట తెలియలేదు, మొహం మాత్రం ఇంకా చదువుతున్నారు. మళ్లీ అడిగితే అర్థం చెప్పాలని వెతుక్కోకండి. ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి తీసుకుని మీ గుండె మీద పెట్టుకుని "ఇక్కడ బరువుగా ఉందమ్మా" అనండి. తర్వాత మిషన్ దగ్గరికి వెళ్లి, చేతిలో ఒక గుడ్డ ముక్క, ఆవిడ పాత కత్తెర పెట్టి, మీరు పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. కత్తెరను కత్తెర అనకపోయినా పరవాలేదు.